ఈ రాత్రికి మకాం ఎక్కడ?

“ముందు నీళ్లు. తర్వాత మెరక. ఆ తర్వాత మాట.”

మోటారుసైకిలుకు స్టాండు వేసి, చేలవంక చెయ్యి చూపిస్తూ పెద్దాయన చెప్పిన సూత్రమిది. నీళ్లంటే పారే బోదె. మెరకంటే రాత్రి తడి తగలని గట్టు. మాటంటే... ఆ చేను ఆసామి నోటి నుంచి వచ్చే ‘సరేలే’ అన్న ఒక్క మాట. ఈ మూడూ ఒకేచోట కుదిరితేనే ఆ రాత్రికి ఆ కుటుంబానికి ఇల్లు. ఏ ఒక్కటి తప్పినా మళ్లీ బండెక్కాల్సిందే.

డిసెంబరు నెల. సాయంత్రం నాలుగున్నర. నిడమర్రు దాటి కొల్లేటివైపు పోయే పుంతరోడ్డు. మాకు రెండు కిలోమీటర్ల వెనక, తెల్లారితే దమ్ము ట్రాక్టరు దిగబోయే చేలో ఆయన భార్య, కొడుకు, కోడలు, తొమ్మిదేళ్ల మనవరాలు కూర్చుని ఉన్నారు. వాళ్లతోపాటు సుమారు పన్నెండు వందల బాతులు! పొద్దుగూకేలోగా చోటు దొరకాలి. చీకటి పడ్డాక బాతుల్ని రోడ్డెక్కించడం కష్టం. లారీ లైటు కళ్లలో పడితే చాలు, బెదిరి చెల్లాచెదురైపోతాయి. బెదిరిన బాతు మర్నాడు గుడ్డు పెట్టదు.

నిజానికి నేను బయల్దేరింది బాతుల కోసం కాదు. బస్సు కోసం!

బస్సులో కాపురం

అమెరికాలో కాలం తీరిన స్కూలు బస్సులు కొనుక్కుని, సీట్లు పీకేసి, మంచమూ పొయ్యీ కుళాయీ బిగించి, అందులోనే కాపురం పెట్టేవాళ్లున్నారు. ఆ బస్సును అక్కడ ముద్దుగా ‘స్కూలీ’ అంటారు. కొందరికది సరదా. ఇంకొందరికి, ఇంటి అద్దె కట్టలేక పట్టిన దారి. 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న ‘నోమాడ్‌లాండ్’ చూసినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. అందులో కథానాయిక వ్యాన్‌లోనే బతుకుతుంది. అలాంటివాళ్ల పెద్ద తలనొప్పి డీజిలూ కాదు, మరమ్మతులూ కాదు... రాత్రికి బండి ఎక్కడ ఆపుకోవాలన్నదే. ఊళ్లో ఆపితే పోలీసులు తలుపు కొడతారు. ఊరి బయట ఆపితే భయం. పెద్ద పెద్ద దుకాణాల పార్కింగు స్థలాల్లో మేనేజరు ఒప్పుకుంటే ఓ రాత్రి, లేకపోతే మరోచోటికి.

ఆ బస్సుల బొమ్మలు చూస్తుంటే ఓ చిలిపి సందేహం వచ్చింది. ఇలాంటి బస్సొకటి మన చేతిలో ఉంటే? తాడేపల్లిగూడెంలో బయల్దేరి ఏలూరు మీదుగా కొల్లేరు చుట్టి రావాలనుకుంటే? రాత్రిళ్లు ఎక్కడ ఆపుకోవాలి?

బస్సు దొరకడం కష్టం కాదు. పదిహేనేళ్లు దాటిన బస్సును బడిపిల్లల కోసం తిప్పడానికి మన రాష్ట్రంలో వీల్లేదు కాబట్టి, పాత పసుపు బస్సులు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. దాన్ని ఇల్లుగా మార్చడమే చిక్కు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా అధికారుల అనుమతి లేకుండా బండి రూపురేఖలు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మరింత గట్టిగా చెప్పింది. కేంద్ర పర్యాటక శాఖ కారవాన్ల కోసం ఓ విధానం తెచ్చింది. 2021లో కేరళ ప్రభుత్వం కారవాన్ పర్యాటకం మొదలుపెట్టి, బళ్లు ఆపుకోవడానికి ప్రత్యేకంగా పార్కులుండాలంది. అదంతా సెలవులకు వెళ్లేవాళ్ల సంగతి. అసలు ఇల్లే కదిలేదైతే?

ఆ ప్రశ్న పట్టుకుని, బస్సు లేకుండానే, ఫొటోగ్రాఫరు మిత్రుడితో కలిసి రోడ్డెక్కాను. మూడు రోజులు తిరిగాక అర్థమైంది... మనకు కదిలే ఇళ్లు కొత్త కాదు. అవి రాత్రికి ఆగే చోట్లే తరిగిపోతున్నాయి.

గూడెంలో మొదటి రాత్రి

తాడేపల్లిగూడెం అంటే ఉల్లిపాయల ఊరు. కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ లారీలు వచ్చి వాలే పెద్ద మార్కెట్టు ఇక్కడుంది. రాత్రి తొమ్మిదింటికి అటు వెళ్తే ఘాటు వాసన ముక్కుకు తగిలింది. ఆ వెంటే వరసగా ఆగిన లారీలు. బస్సు ఇంటికి మన దగ్గరి అసలు చుట్టం లారీ క్యాబినే మరి! సీటు వెనక పరుపు, అద్దానికి దేవుడి పటం, తాడు మీద ఆరేసిన తువ్వాలు, కింద టూల్‌బాక్సులో పొయ్యి.

“హైవే మీద ఎక్కడ పడితే అక్కడ ఆపకూడదండి. టైర్లు, డీజిలు కాజేస్తారు. బంకులో అయితే లైటుంటుంది, నీళ్లుంటాయి. దాబాలో భోంచేస్తే రాత్రికి ఆపుకోనిస్తారు” అన్నాడో డ్రైవరు. అంటే ఓ రాత్రి పార్కింగు వెల... ఓ ప్లేటు భోజనం!

ఊరికి మరో గుర్తు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే. ఇప్పుడు విమానాలు రావు. 2015లో మంజూరైన నిట్ ఈ ఊళ్లోనే ఉంది. పొడవుగా, చదునుగా పరుచుకున్న ఆ రన్‌వేని చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది, బస్సు ఆపుకోవడానికి ఇంతకంటే మంచి చోటేముంటుందని! కానీ ఖాళీగా ఉన్నంత మాత్రాన అది మనది కాదు. ఈ ప్రయాణంలో నేర్చుకున్న మొదటి పాఠమిది. చోటు ఉండటం వేరు, ఆగనివ్వడం వేరు.

అందుకు సాక్ష్యం కావాలంటే గూడానికి దగ్గర్లోని ఆరేడు కథ వినాలి. 1946లో కె.కె.నీలకంఠన్ అనే మలయాళీ పక్షిశాస్త్రవేత్త అక్కడ ఓ వింత చూశారు. ఊరి చెట్ల మీద ఎక్కడ చూసినా గూడబాతుల గూళ్లే! దక్షిణాదిలో పెలికాన్లు అంత పెద్ద సంఖ్యలో పిల్లల్ని చేసే చోటు కోసం పక్షి ప్రేమికులు అప్పటికి ఎన్నో ఏళ్లుగా వెతుకుతున్నారు. ‘ఇందుచూడన్’ అనే కలంపేరుతో కేరళ పక్షుల మీద ప్రసిద్ధ గ్రంథం రాసిన నీలకంఠన్ ఆయనే. కానీ 1970ల నడిమికొచ్చేసరికి ఆ పక్షులు ఆరేడును వదిలేశాయి. ఎక్కడికి పోయాయో ఆ సంగతి తర్వాత చెబుతాను.

నైట్‌హాల్టు బస్సు గుర్తుందా?

రాత్రికి బస్సు ఆపుకోవడం అనగానే పల్లెటూళ్లలో పెరిగినవాళ్లకు ఠక్కున గుర్తొచ్చేది ఆర్టీసీ నైట్‌హాల్టు బస్సే. రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో చివరి ట్రిప్పుగా ఊళ్లోకొచ్చి రావిచెట్టు కిందో రామాలయం పక్కనో ఆగేది. డ్రైవరూ కండక్టరూ ఆ బస్సులోనో పంచాయతీ ఆఫీసు అరుగు మీదో పడుకునేవారు. ఎవరింటి నుంచో పప్పుచారు వచ్చేది. తెల్లారుజామున ఆ ఇంజను చప్పుడే ఊరికి అలారం. ఆ బస్సు ఊళ్లో పడుకోవడాన్ని ఎవరూ అనుమానంగా చూసేవారు కాదు. మా ఊరికి బస్సుందని గర్వంగా చెప్పుకొనేవారు!

అంతకు ముందు కాలువలున్నాయి. ధవళేశ్వరం, విజయవాడ ఆనకట్టలు కట్టాక ఏలూరు కాలువ గోదావరినీ కృష్ణనూ కలిపింది. రోడ్లూ రైళ్లూ సరుకంతా లాగేసుకునేదాకా పడవలే ఈ ప్రాంతానికి లారీలు. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే ధాన్యపు పడవలు నెమ్మదిగా సాగేవి. అందులోనే వంట, అందులోనే నిద్ర. ఏలూరు నడిబొడ్డున ఆ కాలువ వంతెన మీద నిలబడితే ఇప్పుడు పడవలు కనపడవు. గుర్రపుడెక్క కనపడుతుంది.

సత్రాలూ అంతే. బాటసారికి ఓ రాత్రి నీడ ఇవ్వడం పుణ్యమని మన పెద్దలు ఆస్తులు రాసిచ్చి మరీ కట్టించారు. అంటే ‘ఆగే చోటు’ అన్నది ఒకప్పుడు మనకు ఊరి బాధ్యత. అది ఎప్పుడు జారిపోయిందో గానీ, జారిపోయిన సంగతి తెలిసింది మాత్రం రెండోరోజు, బాతులవాళ్ల దగ్గర.

లారీలో సంసారం

ఉంగుటూరు దాటాక కోసిన చేలో తెల్లగా, గోధుమరంగుగా కదులుతున్న దండు కనిపించింది. చివర ప్లాస్టిక్ పీలికలు కట్టిన పొడవాటి కర్రతో ఓ కుర్రాడు వాటిని మళ్లిస్తున్నాడు. పక్కన గట్టు మీద బరకం కప్పిన గుడారం, మూడు రాళ్ల పొయ్యి, నీళ్ల డ్రమ్ము, సోలారు లైటు, మడతపెట్టిన వలలు. ఈ సంసారమంతా ఒక్క మినీ లారీలో పట్టేస్తుంది. బాతులకు అదే బండిలో చెక్కలతో అంతస్తులు కడతారు. దూరమైతే లారీ, దగ్గరైతే నడక.

డెల్టాలో రెండు పంటలు. సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో. దాళ్వా కోతలు ఏప్రిల్, మే నెలల్లో. కోత అయ్యాక చేలో రాలిన గింజా, నత్తలూ, పురుగులూ, బోదెల్లోని చిరుచేపలూ బాతులకు ఉచిత భోజనం. దాణా కొని పెడితే ఈ లెక్క గిట్టదు. అందుకే కోతలెక్కడో వీళ్లక్కడ. పగలంతా మేసిన మందను సాయంత్రం మెరక మీద వలతో కట్టిన దొడ్డిలోకి తోలతారు. గుడ్లు పెట్టేది తెల్లవారుజామున. వెలుతురు రాకముందే దొడ్డిలో దిగి ఏరుకోవాలి. ఆలస్యమైతే బురదలో తొక్కిపడేస్తాయి.

ఇంగ్లండులో పుట్టిన ఖాకీ క్యాంప్‌బెల్ జాతి బాతు ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుందని పశుసంవర్ధక శాఖ పుస్తకాలు చెబుతాయి. మరి అదెందుకు పెంచరు? “అది ఇంటిపట్టున ఉండే బాతు బాబూ. మాది నడిచే బాతుండాలి” అని పెద్దాయన నవ్వాడు. నాటు బాతు తక్కువ పెట్టినా ఎండకూ వానకూ తట్టుకుంటుంది, మైళ్లు నడుస్తుంది, దొరికింది తింటుంది. బాతుగుడ్లు మన ఇళ్లలో వాడకం తక్కువే. కేరళలోనూ బెంగాల్లోనూ గిరాకీ ఎక్కువ. వ్యాపారి వచ్చి గట్టు మీదే లెక్కపెట్టుకుని పట్టుకుపోతాడు.

వీళ్లది నెల్లూరు వైపు. ఏడాదిలో ఇంటి దగ్గర ఉండేది రెండు మూడు నెలలు. మిగతాదంతా మకాములే. ఒక్కోచోట నాలుగు రోజులు, వారం. మేత అయిపోయినా వెళ్లాలి, ట్రాక్టరొచ్చినా వెళ్లాలి, ఎవరైనా పొమ్మన్నా వెళ్లాలి.

గొర్రెకు ఎదురు డబ్బు... బాతుకు ఎదురు ప్రశ్న

పెద్దాయనకు ఓ చిన్న అసూయ ఉంది. గొర్రెలవాళ్ల మీద!

మెట్ట ప్రాంతం నుంచి గొర్రెల మందలు డెల్టాలోకి దిగుతాయి. రాత్రిళ్లు చేలో మంద కట్టించుకుంటే పెంటా మూత్రమూ భూమికి బలం. అందుకని రైతే పిలిచి, ఎదురు డబ్బో ధాన్యమో ఇస్తాడు. అంటే, పార్కింగు చేసినందుకు జీతమన్నమాట. బాతులూ ఎరువు వేస్తాయి, పురుగుల్నీ నత్తల్నీ తింటాయి. అయినా బాతులవాళ్లు బతిమాలుకోవాలి. కొందరు ఆసాములు ఊరికే రానిస్తారు. కొందరు గుడ్లు అడుగుతారు. కొందరు రేటు కడతారు.

పదేళ్ల కిందటితో పోలిస్తే ఇప్పుడు చోటు దొరకడం ఎందుకు కష్టమైంది? ఆయన వేళ్లు మడుస్తూ చెప్పుకొచ్చాడు. చేలు చెరువులైపోయాయి. చేపల చెరువు గట్టు మీద బాతును నిలవనివ్వరు. చేపపిల్లల్ని తింటుందని భయం. కోత మిషన్లొచ్చాక వారంలో ఊరంతా కోసేస్తున్నారు. వెంటనే దమ్ముకో, ఇంకో పంటకో దిగిపోతున్నారు. కొందరు కోతకు ముందే మినుము చల్లేస్తారు, మొలకెత్తిన చేలో బాతు దిగకూడదు. మందు కొట్టిన చేలోకి తెలియక దించితే తెల్లారేసరికి బాతులు చచ్చిపడి ఉంటాయి. ఒకప్పుడు మకాం వేసిన పోరంబోకు దిబ్బల మీద ఇప్పుడు ఇళ్లూ షెడ్లూ లేచాయి.

వీటన్నిటికీ మించింది బర్డ్‌ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు వేలకు వేలు చనిపోయాయి. తణుకు దగ్గరి వేల్పూరులో వ్యాధిని నిర్ధారించారు. వ్యాధి బయటపడిన చోట చుట్టూ కిలోమీటరు వరకు ఒక హద్దు, పది కిలోమీటర్ల వరకు నిఘా. అది అవసరమే. వైరస్ బాతుల్లో పైకి కనపడకుండా ఉండగలదు కూడా. కానీ కదలడమే బతుకైనవాడికి ఆ రోజులెలా ఉంటాయో ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. “ఆగనివ్వరు... కదలనివ్వరు. ఏం చెయ్యాలి బాబూ?”

మూడు ‘కాదు’లు... ఒక ‘సరే’

మళ్లీ ఆ సాయంత్రానికి వద్దాం. మోటారుసైకిలు మీద పెద్దాయన, వెనక నేను.

మొదటి ఆసామి తన చేను చూపించాడు. “మినుము వేశానండి, చూడండి, రెండాకులు వచ్చింది. మీరే చెప్పండి, ఎలా దింపమంటాను?” న్యాయమే.

రెండోచోట చేపల చెరువు కాపలాదారు దూరం నుంచే చెయ్యి ఊపాడు. పిల్ల వదిలి వారమే అయిందట. అదీ న్యాయమే.

మూడో ఊళ్లో పంచాయతీ అరుగు మీద కూర్చున్న నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఊళ్లో కోళ్లఫారాలున్నాయి, వద్దన్నారు. అంతలో ఒకాయన “స్టేషన్లో చెప్పే తిరుగుతున్నారా?” అని అడిగాడు. పెద్దాయన జేబులోంచి ఆధార్ కార్డు తీశాడు. అలవాటైన చెయ్యిలా ఉంది, తడుముకోలేదు.

ఊరూరా తిరిగేవాళ్లంటే మనకు అనుమానం ఈనాటిది కాదు. బ్రిటిష్‌వాళ్లు 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చి, దేశంలోని ఎన్నో సంచార కులాలను పుట్టుకతోనే నేరస్తులన్నారు. ఆ చట్టం 1952లో రద్దయింది. అనుమానం మాత్రం ఇంకా అరుగు మీద కూర్చునే ఉంది.

సూర్యుడు తాటిచెట్ల వెనక్కి దిగుతుండగా నాలుగోచోటికి చేరాం. చేను ఓ పెద్దావిడది. కొడుకు హైదరాబాదులో. ఆవిడ వసారాలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. పెద్దాయన గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

“ఎన్ని రోజులు?”

“మీరెన్నంటే అన్నమ్మా.”

“మూడో పొద్దున ట్రాక్టరొస్తుంది. రెండు రాత్రులు. వెళ్లేటప్పుడు గట్టు మీద ప్లాస్టిక్కు ముక్క కనపడకూడదు. కుళాయి నీళ్లు పట్టుకోండి. గుడ్లేమీ వద్దు.”

కాసేపాగి అడిగింది... “పిల్లలున్నారా?”

“మనవరాలుందమ్మా.”

“చలిగా ఉంది. ఆడపిల్లను గట్టు మీద పడుకోబెట్టకండి. వసారాలో పడుకోమను.”

అంతే. మూడు నిమిషాల్లో అయిపోయింది. పెద్దాయన ఫోను తీసి కొడుక్కి చెప్పాడు... “మాట దొరికింది. తోలుకురా.”

చీకటి పడుతుండగా బాతుల దండు పుంత మీద వరసగా నడిచి వచ్చింది. ముందు కర్ర, వెనక కర్ర. ఎదురొచ్చిన ట్రాక్టరు ఇంజను ఆపి దారిచ్చింది. అరగంటలో వల దొడ్డి లేచింది, పొయ్యి వెలిగింది. మేం తెచ్చిన బిస్కెట్ల కంటే ఆ రాత్రి వాళ్లు పెట్టిన బాతుగుడ్ల పులుసే బాగుంది.

బడి ఎక్కడ ఆగుద్ది?

ఆ పాప నిరుడు వరకూ ఊళ్లో ముత్తవ్వ దగ్గర ఉండి చదువుకుంది. ముత్తవ్వ పోయింది. ఊళ్లో చూసేవాళ్లు లేరు. అప్పట్నుంచీ మందతోపాటే తిరుగుతోంది. పోయిన మకాం దగ్గర బడిలో పంతులమ్మగారు రమ్మని కూర్చోబెట్టుకున్నారట. ఆరు రోజులు వెళ్లింది. మధ్యాహ్నం అన్నం, గుడ్డు కూడా పెట్టారని చెప్పింది. ఇప్పుడు మకాం మారింది. ఆ బడి దూరమైపోయింది.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాదిలో ఎప్పుడొచ్చినా పిల్లల్ని బడిలో చేర్చుకోవాలి. టీసీ లేదని తిప్పి పంపకూడదు. వలస వెళ్లేవాళ్ల పిల్లలు సొంతూళ్లోనే ఉండి చదువుకోవడానికి సమగ్రశిక్ష కింద సీజనల్ హాస్టళ్లూ నడుస్తున్నాయి. కానీ బడికి వెళ్లాలంటే ముందు ఇల్లు ఒకచోట ఆగాలి కదా. ఈ కుటుంబానికి ఎక్కడ ఆగుతామన్నది మేత సంగతే కాదు, ఆ పిల్ల నాలుగో తరగతి సంగతి కూడా.

పొయ్యి దగ్గర కూర్చుని నా ఫోనులోని అమెరికా బస్సుల బొమ్మలు చూపించాను. పసుపు బస్సులో మంచం, పుస్తకాల అర, కిటికీకి పూల తెర. పాప కళ్లు పెద్దవి చేసుకుని ఒక్కో బొమ్మా జరుపుతూ చూసింది. చివరికి నా వైపు తిరిగింది.

“బస్సులో ఇల్లుంది సరే... మరి బడి ఎక్కడ ఆగుద్ది?”

నా దగ్గర జవాబు లేదు.

పక్షులకు స్టాండ్లు కట్టిన చోట

మూడోరోజు ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు పట్టుకున్నాం. రెండువైపులా కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలాంటి పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోసిన నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద చివరికి చేరిందీ ఇక్కడికే. నీళ్లు ఎక్కువైతే లంక గ్రామాల వాళ్లూ మెరక వెతుక్కోవాల్సిందే.

ఎక్కడిదాకా సరస్సు, ఎక్కడ్నుంచి మనిషిది అన్న పేచీ ఈ పల్లంలో దశాబ్దాలుగా ఉంది. 1999లో అయిదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లను, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేటికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట వేలాది ఎకరాల చేపల చెరువుల గట్లను కొట్టేశారు. సరస్సు ఊపిరి పీల్చుకుందని కొందరు, మా బతుకు పోయిందని ఇంకొందరు. రెండు మాటలూ ఇప్పటికీ వినిపిస్తాయి.

కైకలూరు పక్కనే ఆటపాక. ఇక్కడే ఆరేడు కథకు ముగింపు, లేదా కొనసాగింపు. చెరువు మధ్య వరసగా నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద, చెట్ల మీద గూడబాతులు కిక్కిరిసి ఉన్నాయి. గూళ్లు పెట్టుకునేందుకు చెట్లు చాలక అటవీశాఖ ఆ స్టాండ్లు వేసింది. ఆరేడు నుంచి వెళ్లిన పక్షుల వారసులు ఇవేనా అంటే ఏ పక్షీ చెప్పదు. కానీ అవి మళ్లీ కొల్లేటి సీమలో గూడు కట్టుకున్నాయి, మనుషులు చోటిచ్చారు కాబట్టి.

పడవలో ఆ స్టాండ్ల మధ్య తిరుగుతుంటే పెద్దాయన అరచేతిలోని ఆధార్ కార్డే గుర్తొచ్చింది. పక్షికి ఇనుప స్టాండు వేయగలిగినవాళ్లం, బాతులవాడి గుడారానికి పది సెంట్ల మెరక చూపించలేమా?

పెద్ద ఖర్చేమీ కాదు. ఊరికి దూరంగా, కోళ్లఫారాలకు ఎడంగా కాస్త పంచాయతీ స్థలం, ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి, వారానికోసారి పశువైద్యుడి పరీక్ష. ఏ రోజు ఏ మంద ఎక్కడుందో ఒక పుస్తకంలో రాసుకుంటే జబ్బుల మీద నిఘాకూ అదే దారి. దాక్కుని తిరిగే మందకంటే, అందరికీ తెలిసినచోట ఆగిన మంద ఊరికి క్షేమం కదా! ఇది గాలిలో మేడ కాదు. ఫ్రాన్సులో 2000 నాటి చట్టం ప్రకారం అయిదు వేల జనాభా దాటిన ఊళ్లు సంచార కుటుంబాల బళ్లు ఆపుకోవడానికి చోటు చూపించాలి. బ్రిటన్ 1968లో జిప్సీల బళ్లకు స్థలాలివ్వాలని స్థానిక సంస్థల మీద బాధ్యత పెట్టి, 1994లో ఎత్తేసింది. ఆ తర్వాత రోడ్డు పక్క బళ్ల గొడవ అక్కడ మళ్లీ మొదటికొచ్చింది.

మీరు వెళ్లాలనుకుంటే...

సొంత బండితో కొల్లేరు చూడాలనుకునేవాళ్లకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచికాలం. రాత్రి బసకు ఏలూరు, కైకలూరు, భీమవరాల్లో లాడ్జీలున్నాయి. ఆటపాకకు ఉదయాన్నే వెళ్తే పక్షులు బాగా కనిపిస్తాయి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణమాసంలో. చెరువుగట్ల మీద అడగకుండా బండి ఆపొద్దు. దారిలో బాతుల దండు ఎదురైతే హారను కొట్టకండి. ఇంజను ఆపి రెండు నిమిషాలు నిలబడండి చాలు.

తిరుగుదారిలో మర్నాడు పొద్దున్నే మళ్లీ పెద్దావిడ చేను దగ్గర ఆగాను. దొడ్డి విప్పేశారు. గట్టు శుభ్రంగా ఊడ్చి ఉంది, ప్లాస్టిక్కు ముక్క కనపడలేదు. అట్టపెట్టెల్లో పొట్టు పరిచి గుడ్లు సర్దుతోంది కోడలు. పెద్దాయన లేడు. మోటారుసైకిలేసుకుని ముందుకెళ్లాడు, రేపటి చోటు కోసం.

ఏడున్నరకు పసుపు బస్సొకటి హారను కొట్టుకుంటూ వచ్చి చెరువుగట్టు మలుపులో ఆగింది. యూనిఫారాలు వేసుకున్న ఇద్దరు పిల్లలు ఎక్కారు. పెద్దావిడ వసారా మెట్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న పాప, ఆ బస్సు కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత లేచి, దుప్పటి మడిచి వసారాలో పెట్టి, బుట్ట అందుకుని తల్లి దగ్గరికి వెళ్లింది.

లోపల్నుంచి పెద్దావిడ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. “ట్రాక్టరు రేపొద్దులే అబ్బాయ్. నాలుగు రోజులాగి పంపించు. మన ఊరి బడి ఎన్నింటికి తెరుస్తారు?”